మూకుడు పథకం: తొలి లబ్ధిదారు మా పిల్లి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పారు. ఇప్పుడు ఏ ఇంట్లోనూ రోలు లేదు గనక, ఎండ తన పగ ఎక్కడ తీర్చుకోవాలో తెలియక నేరుగా మనుషుల నడినెత్తి మీద తీర్చుకుంటోంది. మామూలు మనిషికి ఎండదెబ్బ తగిలితే వాంతులు, కళ్లు తిరగడం. నాయకుడికి తగిలితే పిట్టల మీద ప్రేమ. మా వరంగల్ దిక్కు ఈ జబ్బు మార్చి 20న పిచ్చుకల దినంతో అంటుకుంటుంది, మృగశిర జల్లు పడేదాకా దిగదు. జబ్బు ముదిరిందనడానికి గుర్తు, పిట్టలకు నీళ్లు పెట్టమని మట్టి మూకుళ్లు పంచడం.

మీ ఊళ్లోనూ పంచే ఉంటారు కాబట్టి వర్ణించనక్కర్లేదు. కానీ వర్ణించకపోతే నాకు నిద్ర పట్టదు. అరచేయంత మూకుడు. గ్లాసు నీళ్లు పోస్తే పొర్లిపోతుంది. పైన ఆకుపచ్చ రంగు. మట్టి పాత్రలో నీళ్లు చల్లగా ఉండేది ఎందుకు? దాని గోడల్లోంచి చెమ్మ బయటికి ఊరి, గాలికి ఆవిరవుతుంది కాబట్టి. రంగు పూసి ఆ దారి మూసేశారు. ఇక స్లాబు మీద పెట్టిన గంటకు అందులో నీళ్లతో చాయ్ పెట్టుకోవచ్చు. ఇవి మా ఊరి కుమ్మరి తాత చేసినవనుకుంటారేమో, అంత అమాయకత్వం పనికిరాదు. డీసీఎం లారీలో ఎక్కడినుంచో దిగాయి. తాత తన వాకిట్లో కూర్చొని, అవి దిగుతుంటే చూశాడు.

మూకుడుకు మూడు దిక్కులా స్టిక్కర్లు. ఒక దిక్కు నాయకుడు, ఒక దిక్కు నాయకుడి నాయకుడు, ఇంకో దిక్కు నాయకుడి కొడుకు, ‘యువకిశోరం’ అన్న బిరుదుతో. మిగిలిన ఆ ఒక్క దిక్కు నుంచి పిట్ట నీళ్లు తాగాలి. పిట్టలు చాలావరకు నీటిని ముక్కుతో పట్టి, తల పైకెత్తి మింగుతాయి. ఆ తలెత్తడాన్ని నమస్కారం కింద లెక్క రాసుకుంటున్నారని నా అనుమానం. పావురాలు మాత్రం తల ఎత్తకుండానే పీల్చుకుని తాగుతాయి. అవి ప్రతిపక్షం.

ఇక పంపిణీ కార్యక్రమం. నర్సంపేట దాటి పాకాల వైపు పోతుంటే వచ్చే మా ఊళ్లో, పంచాయతీ ముందు టెంటు వేశారు. టెంటు కింద రెండు కూలర్లు, ప్లాస్టిక్ నీళ్ల సీసాల డబ్బాలు, మనిషి ఎత్తుకు మించిన ఫ్లెక్సీలు. పొద్దున తొమ్మిదింటికి అన్నారు. తొమ్మిదింటికి వచ్చేవాడు కార్యకర్త. పదకొండింటికి వచ్చేవాడు ముఖ్య కార్యకర్త. పన్నెండు దాటాక వచ్చేవాడే నాయకుడు. అప్పటికి పనికాడి నుంచి పిలిపించిన ఆడవాళ్లు కొంగులు నెత్తిన కప్పుకొని సగం నిద్రలో ఉన్నారు. మైకు పట్టుకున్నాయన “మూగజీవాల ఆకలి దప్పులు తెలిసిన మనసున్న మారాజు” అని అప్పటికి ఎన్నోసారో అన్నాడు. మారాజు కారు దిగాడు. జగ్గుతో మూకుట్లో నీళ్లు పోయడానికి వంగాడు. అక్కడ ఆగింది.

“అన్నా, ఫొటోల పిట్ట లేదన్నా,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

“పిట్ట లేకపోవుడేంది? ఇంతమందిని పిలిచిన్రు, పిట్టను పిలువలేదా?”

న్యాయమైన ప్రశ్నే. కార్యకర్తలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మే నెల మిట్టమధ్యాహ్నం ఏ పిట్టా బయట తిరగదు. చెట్ల గుబురుల్లో కూర్చొని, నోళ్లు తెరుచుకుని రొప్పుతూ ఉంటాయి. పంచాయతీ వెనక చింతచెట్టు మీద కాకులు అదే పని మీద ఉన్నాయి. వాటిని కిందికి దింపడానికి ఒక ఉత్సాహవంతుడు రాయి విసిరాడు. పిట్టల సంక్షేమ కార్యక్రమంలో పిట్టల మీదికి రాయి. కాకులు లేచి పక్క ఊరికి పోయాయి, వాళ్ల మండలం వేరు.

అప్పుడు మరొకాయనకు ఆలోచన వచ్చింది. “కోడి పిట్ట కాదా అన్నా?”

శాస్త్రప్రకారం కాదనలేం. పక్కింటి అవ్వ దగ్గరికి మనిషి పరుగెత్తాడు. అవ్వ కోడిపెట్టను ఒడిలోంచి వదలనే లేదు. “ఇస్త గని బిడ్డా, నా కోడి మళ్ల నాకు రావాలె. నిరుడు మీటింగుకని పట్కపోయిన పుంజు ఇంకా ఇంటికి రాలే.” నాయకుడి తరఫున హామీ ఇచ్చారు, అవ్వ నమ్మలేదు, అయినా ఇచ్చింది. పెట్టను తెచ్చి బల్ల మీద మూకుడు ముందు నిలబెట్టారు. టెంటు వెనక పెద్ద డేగిసాలో దాని చుట్టాలు ఉడుకుతున్న వాసన ఆ క్షణంలోనే గాలికి ఇటు తిరిగింది. పెట్ట ఒక్క అరుపు అరిచి, మైకు వైరు కాలికి తగిలించుకుని, మహిళా సంఘం వరసల్లోంచి ఊరి బయటికి పారిపోయింది. “పక్షులు ఆనందంతో కేరింతలు కొడుతున్నాయి” అని మైకాయన ప్రకటించాడు. అవ్వ మాత్రం పెట్ట వెనకే తిట్లు లంకించుకుని పోయింది. ఆ తిట్లు ఎవరినో పేరు పెట్టి తిట్టినవి కావు గానీ, టెంటు కింద కుర్చీల్లో ఉన్నవాళ్లు కాస్త సర్దుకుని కూర్చున్నారు.

ఇంతలో మా దొరసాని వచ్చింది.

దొరసాని మా ఇంటి పిల్లి. వేసవిలో దాని నడవడి చూసి మా అమ్మ ఆ పేరు పెట్టింది. పొద్దెక్కుతుంటే మంచం కింద షాబాద్ బండ మీదికి చేరుతుంది. బండ వేడెక్కగానే లేచి రంజను, అంటే నీళ్ల మట్టికుండ, దగ్గరికి పోతుంది. రంజను కింద ఇసుకలో నీళ్లు ఊరి ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ పొట్ట ఆనించి, కాళ్లు నాలుగు దిక్కులా పారేసి పడుకుంటుంది. పిల్లికి చెమట పట్టేది అరికాళ్లలోనే, అందుకని ఒళ్లంతా నాక్కుంటుంది. ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. నాలుక అందని చోట ముందరి కాలు తడి చేసుకుని దాంతో రుద్దుకుంటుంది. చెవి వెనక మొదలుపెట్టి ముక్కుదాకా, తొందర లేకుండా. కరెంటు పోతే మేం విసనకర్ర వెతుక్కునే లోపు అది ఇంకో నిద్ర ముగిస్తుంది. ఎండాకాలం ఎలా గడపాలో మా ఇంట్లో తెలిసిన ప్రాణి అదొక్కటే.

ఆ రోజు అది వచ్చింది ప్రజాసేవ మీద అభిమానంతో కాదు, కూలరు గడ్డి నుంచి కారుతున్న నీళ్ల కోసం. దారిలో బల్ల కనిపించింది, ఎక్కింది. మూకుడు వాసన చూసింది. యువకిశోరం స్టిక్కరు మీద మూతి ఆనించి నీళ్లు తాగింది. కెమెరాలు టపటపలాడాయి. నాయకుడు ఒక్క క్షణం ఆలోచించి, “పిల్లి సుత మూగజీవే గదా” అన్నాడు. చప్పట్లు. జగ్గు వంచి పోస్తూనే ఉన్నాడు, దొరసాని తాగుతూనే ఉంది, చివర్లో ఆయన చేయి వాసన కూడా చూసి మొహం తిప్పుకుంది. ఆ ఫొటో వేయలేదు. తాగుతున్న ఫొటోనే మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది, ‘మూగజీవాల పాలిట అపర భగీరథుడు’ అని.

ప్రభుత్వ పథకాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, ఇది మాత్రం చివరి లబ్ధిదారుదాకా చేరింది. మాకిచ్చిన మూకుడును మా అమ్మ గోడ మీద పెట్టింది. దొరసాని ఆ మరుసటి పొద్దున్నే గోడ పక్క కరివేపాకు చెట్టు కింద కూర్చుంది. పికిలిపిట్ట ఒకటి దిగింది. దప్పికతో ఉంది, చుట్టూ చూడలేదు. తరువాతది నేను చెప్పను. తిండిని ఇంటి ముందుకే పంపించే ఏర్పాటు చేసినందుకు దొరసాని జాతి యావత్తూ ఆ నాయకుడికి రుణపడి ఉంది. మూకుడు పంచినవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇంత మాట చెప్పలేదు: పొదల పక్కన పెట్టొద్దు, పిల్లికి అందని ఎత్తున కొమ్మకు వేలాడదీయండి, నీడలో పెట్టండి, రోజూ కడిగి నీళ్లు మార్చండి. ఇవి నాలుగు ముక్కలు. స్టిక్కరు మీద చోటు లేదు, అక్కడ బిరుదులు ఉన్నాయి. మేం మాత్రం మూకుడును తాడు కట్టి వేపకొమ్మకు ఎక్కించాం. దొరసాని రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

మిగతా మూకుళ్ల సంగతి కోతులు చూసుకున్నాయి. మా దిక్కు కోతులకు ఇంటి గుట్టు తెలియనిది లేదు. గూనపెంకులు ఒక్కొక్కటే లేపి లోపల ఏముందో చూసి, మళ్లీ పెట్టకుండా పోతాయి. వాటి బాధకే సగం ఊరు పెంకులు తీసేసి రేకులు వేసుకుంది, ఇప్పుడు రేకుల కింద మధ్యాహ్నం కుండ లేకుండానే అన్నం ఉడుకుతుంది. సర్పంచి ఎన్నికల్లో రోడ్డు కంటే ముందు కోతుల హామీ ఇవ్వాల్సి వస్తోంది. నిర్మల్ దగ్గర 2020లో కోతులకు పునరావాస కేంద్రం పెట్టారు, పట్టుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుతారు. బాగుంది. ఈలోపు మా ఊరి మంద మూకుళ్లను చేతుల్లోకి తీసుకుని, నీళ్లు తాగి, కిందికి విసిరి అది పగిలే చప్పుడు వింది. నచ్చింది. వారం తిరక్కుండానే వాకిళ్లనిండా ఆకుపచ్చ పెంకులు, ఒక్కో పెంకు మీద నాయకుడి సగం మీసం.

దొరసానిని ఎంత ఆడిపోసుకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఎండాకాలం మా ఇంటికి జరిగిన అసలు మేలు దాని చలవే. ఒక సాయంత్రం అది రంజను దగ్గరికి పోయి, రోజూ పడుకునే తడి ఇసుక మీదికి పోకుండా బారెడు దూరంలోనే ఆగిపోయింది. తోక కొస ఒక్కటే కదులుతోంది. మా అమ్మకు అనుమానం వచ్చి టార్చి వేసింది. రంజను చాటున, చల్లని ఇసుకలో, నల్లని ఒంటి మీద సన్నని తెల్ల పట్టీలతో కట్లపాము చుట్టుకుని ఉంది. అదీ చల్లదనానికే వచ్చింది. వడగాలి తట్టుకోలేక, కప్పల వెంట, ఎలుకల వెంట, నీటి చెమ్మ ఉన్నచోటికి వస్తాయి. కట్లపాము రాత్రి తిరుగుతుంది. కింద చాప మీద పడుకున్న మనిషిని నిద్రలో కాటేస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, వాపు ఉండదు, పొద్దున కళ్ల రెప్పలు లేవవు. మంత్రాలు, పసర్లు అని తిరగకుండా విషం విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి ఎంత తొందరగా పోతే అంత మంచిది. మంచం మీద, దోమతెర వేసుకుని, దాని అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే అసలు ఆ పరుగే ఉండదు. ఇది మా ఊరందరికీ చెప్పడానికి టెంటు వేయలేదు, కూలర్లు తేలేదు. పాముతో ఫొటో దిగడానికి ఎవరూ ముందుకు రారు కాబట్టి దాని దినం మా ఊళ్లో ఎవరూ జరపరు.

ఇక నవ్వడం నావల్ల కాదు.

అడవి దప్పిక మూకుడు కొలత కాదు. మాకు ఆనుకుని ఉన్న పాకాల అడవి, అవతల ఏటూరునాగారం, 1950ల తొలినాళ్ల నుంచి అభయారణ్యాలు. పాకాల చెరువు 1213 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టింది. గుట్టకూ గుట్టకూ నడుమ కట్ట పోశారు. కింద పొలం పండింది, పైన జంతువు తాగింది, ఎనిమిది వందల ఏళ్లుగా తాగుతోంది. కాకతీయులూ పేరు రాయించుకున్నారు, శాసనాలు వేయించుకున్నారు, కాదనను. ముందు చెరువు తవ్వి, తరువాత రాయి పాతారు. మనవాళ్లు రాయితోనే మొదలుపెట్టి రాయితోనే ఆగిపోతున్నారు, హద్దురాయితో. మా ఊరి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, సగం ఇప్పుడు ప్లాట్లు. తెల్లరంగు రాళ్లు, మొరం రోడ్లు, కమాను. వెంచరు పేరులో ‘లేక్ వ్యూ’ ఉంది. లేకు ఎక్కడుందంటే వెంచరు కింద ఉంది. కుమ్మరి తాత మట్టి తెచ్చుకునేదీ అక్కడినుంచే. ఆ వెంచరు ఎవరిదో కనుక్కోవడానికి రిజిస్ట్రేషన్ ఆఫీసుదాకా పోనక్కర్లేదు, పగిలిన మూకుడు పెంకులు ఏరి అతికించుకుంటే చాలు.

గుట్ట సంగతీ అంతే. ఎలుగుబంటి బతికేది బండల సందుల్లో. చెదలు, ఇప్పపువ్వు, తునికిపండు, తేనె దాని తిండి. కరీంనగర్ గుట్టలను గ్రానైటు పలకలుగా కోసి ‘టాన్ బ్రౌన్’ అని పేరు పెట్టి ఓడలెక్కించారు. ఎలుగుబంటి పిల్లల్ని పెట్టుకున్న సొరంగం ఇప్పుడు ఏ దేశంలోనో వంటింటి గట్టు, దాని మీద ఎవరో ఉల్లిగడ్డ తరుగుతున్నారు. ఇల్లు పోయిన ఎలుగు నీళ్లకు దిగి కరీంనగర్ శివారులోకి వస్తే వెయ్యి మంది ఫోన్లు పట్టుకుని వెంటపడతారు. ఎలుగుబంటి ఊళ్లోకి చొరబడిందని పేపరు రాస్తుంది. తవ్వే ప్రొక్లెయిన్ యంత్రం గుట్టలోకి చొరబడిందని రాసిన పేపరు నాకు ఇంతవరకు దొరకలేదు.

మచ్చల జింకను 2014లో రాష్ట్ర జంతువు చేసుకున్నాం. పాలపిట్ట రాష్ట్ర పక్షి. గౌరవాలకు లోటు లేదు. పోయిన ఎండాకాలం ఒక రాష్ట్ర జంతువు అడవిలో కుంట ఎండిపోతే మా చేన్లవైపు వచ్చింది. ఊరకుక్కలు తరిమాయి. గట్టు లేని పాత వ్యవసాయ బావిలో పడింది. అడుగున మోకాలెత్తు నీళ్లు. తాటిచెట్టెక్కే పిల్లగాడు ఒకడు మోకు నడుముకు కట్టుకుని లోపలికి దిగాడు. నులక మంచానికి నాలుగు మూలలా తాళ్లు కట్టి కిందికి వదిలారు. మంచం మీద జింకను పెట్టి లాగుతుంటే దాని వెనక కాలు ఒకటి మంచం పట్టె బయట వేలాడుతూ, ప్రతి లాగుకూ ఇంకో దిక్కుకు తిరుగుతోంది. అప్పుడు తెలిసింది విరిగిందని. బండి వచ్చేసరికి చచ్చిపోయింది. ఆ పిల్లగాడి చేతులు తాడుకు కోసుకుపోయి నెత్తురు. ఆ రోజు ఒక్క ఫొటోగ్రాఫరు రాలేదు. మైకు రాలేదు. మారాజు రాలేదు.

ఆ బావికి గట్టు కట్టడానికి ఏం కావాలి? కొంత ఇటుక, కొంత సిమెంటు, మేస్త్రీకి రెండు రోజుల కూలి. మూకుళ్ల పంపిణీకి పెట్టిన ఫ్లెక్సీల కర్రల ఖర్చంత కూడా కాదు. అడిగాం. దరఖాస్తు ఇవ్వమన్నారు. ఇచ్చాం. బావి పట్టా భూమిలో ఉంది కాబట్టి మా పరిధి కాదన్నారు. జింక పడేటప్పుడు సర్వే నంబరు చూసుకుని పడాలి కాబోలు. అడవిలో జంతువులకు కట్టిన సాసర్ పిట్లలో ట్యాంకరుతో నీళ్లు ఎండాకాలమంతా ఆగకుండా పోయడం ఒక పని. అది చేసే కిందిస్థాయి మనుషులు ఉన్నారు, వాళ్లకు డీజిలు డబ్బులు ఇవ్వడం ఇంకో పని. కుంటల్లో పూడిక తీయడం మరో పని. వీటిలో ఏదీ టెంటు కింద జరగదు.

నీళ్లు లేక కిందికి వచ్చేది జింక ఒక్కటే కాదు, అడవిపందీ వస్తుంది. రాత్రికి రాత్రే మక్కచేను దున్నేస్తుంది. నష్టపరిహారం కాగితాలతో తిరిగి తిరిగి విసిగిన రైతు తీగ కట్టి దొంగ కరెంటు పెడతాడు. వాణ్ని నేను వెనకేసుకురాను. అది హత్యే. పందికని పెట్టిన తీగకు జింక పోతుంది, కాపలాకు పోయిన కుక్క పోతుంది, అర్ధరాత్రి మోటరు పెట్టబోయిన పక్కచేను మనిషి పోతాడు, పొద్దున వాళ్లింటామె చాయ్ పట్టుకుని వెతుక్కుంటూ పోతుంది. తీగ ఎక్కడెక్కడ ఉందో ఊరందరికీ తెలుసు. లైన్‌మన్‌కు తెలుసు. ఓట్లకు చేను చేనుకూ తిరిగిన ప్రతి నాయకుడికీ తెలుసు, కాలు అడ్డం తగలకుండా దాటించి మరీ తీసుకుపోయారు. ఒక్కడు, ఒక్క సభలో, ఆ తీగ పేరెత్తడు. ఎత్తితే నాలుగు ఓట్లు పోతాయి. పిట్ట పేరెత్తితే పోయేదేం లేదు. సిగ్గుండాలి.

మొన్న నాయకుడి అనుచరుడి నుంచి ఫోను వచ్చింది. పక్క మండలంలో కార్యక్రమం ఉందట, మూకుళ్లు దిగాయట. “మీ పిల్లి మస్తు ఫేమస్ అయింది సార్. అన్న దాన్నే తెమ్మంటుండు. పిట్టలు టైముకు వస్తలేవు. కారు పంపిస్తం, మళ్ల తెచ్చి దింపుతం.”

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ ఫోను అందుకుంది.

“పిల్లి పండుకున్నది బిడ్డా, ఇప్పుడు లేపితే లేవది. ఆ కారు ఉత్తగ రానియ్యకుండ్రి. నాలుగు బస్తాల సిమెంటు ఏసుకొచ్చి జింక పడ్డ బాయికాడ దింపుండ్రి. గట్టు లేసినంక పిల్లిని నేనే సంకల ఏసుకొని తోలుకొస్త.”

సిమెంటు సంగతి అన్నను అడిగి చెప్తానన్నాడు. పిల్లికి బదులు కుందేలు ఏమైనా దొరుకుతుందా అని కూడా అడిగాడు.